మాస్టారూ, లైన్ క్లియర్

మాఘమాసంలో మా మాస్టారి తిథి. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. మొన్న రాత్రి కరెంటు పోతే పక్కింటివాళ్ళు అటకమీది లాంతరు దించి వెలిగించారు. వత్తి అంటుకోగానే వచ్చిన కిరసనాయిలు కమురు వాసనతో ఆయనా, ఆ స్టేషనూ, స్టేషను వెనక లాంపు గదీ అన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి.

నంద్యాల నుంచి గుంటూరు వైపు పోయే లైను అప్పట్లో మీటరుగేజి. పట్టాకీ పట్టాకీ మధ్య 1000 మిల్లీమీటర్లు. గాజులపల్లె దాటాక నల్లమల ఎక్కి, దొరబావి దగ్గర ఎత్తైన ఇనప వంతెన మీద లోయ దాటి, దిగువమెట్ట దగ్గర కిందికి దిగి గిద్దలూరు చేరేది. ఆ దారిలోని ఒక చిన్న స్టేషనుకి ఆయన మాస్టరు. రెండు లైన్లు, మోకాలెత్తు ప్లాట్‌ఫారం, నాలుగు క్వార్టర్లు, ఒక బావి, రెండు వేపచెట్లు. చీకటి పడితే అడవి తప్ప మరేమీ ఉండదు. ఆయన కింద పని నేర్చుకున్న అసిస్టెంట్లం చాలామందిమి ఉన్నాం. ఎక్కడ కలిసినా మా మాటలు ఆయన దగ్గరికే పోతాయి.

లాంపు గదిలో దీపాలన్నీ వరసగా మేకులకి వేలాడుతుండేవి. స్టేషనుకి దూరంగా ఉండే ఔటరు, దగ్గరగా ఉండే హోము, బండి బయల్దేరేచోటి స్టార్టరు సిగ్నళ్ళవి, బండి పట్టా మారే పాయింట్లవి, చేతి దీపాలు. పొద్దు వాలకముందే పాయింట్స్‌మన్ వాటిని భుజాన వేసుకుపోయి, ఒక్కో సిగ్నలు స్తంభం నిచ్చెన ఎక్కి పెట్టి రావాలి. దీపం వెలిగించడం ఎవరికైనా వచ్చు. తెల్లవార్లూ ఒకేలా వెలిగేట్టు చెయ్యడమే పని. వత్తిని అడ్డంగా సమానంగా కత్తిరించి, రెండు మూలలు మాత్రం గోటితో గిల్లినంత తీసెయ్యాలి. మూలలు అట్లాగే వదిలేస్తే మంట రెండు కొమ్ములుగా లేచి గాజుకి మసి పట్టిస్తుంది. వాలుగా కత్తిరిస్తే మంట ఒక పక్కకే పోయి గాజు పగులుతుంది. కిరసనాయిలు డబ్బా అడుగున ఎప్పుడూ కాస్త నీరు చేరి ఉంటుంది. అది దీపంలోకి పోతే మంట చిటపటలాడి అర్ధరాత్రి ఆరిపోతుంది. అందుకే డబ్బా అడుగున రెండు వేళ్ళ లోతు నూనె దీపాలకి పొయ్యనిచ్చేవారు కాదు. దాన్ని పాయింట్ల బ్లేళ్ళు తుడవడానికి పక్కన పెట్టించేవారు.

ఆ దీపాల గురించి ఆయన చెప్పేదాకా మాలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సిగ్నలు మీద పచ్చదీపానికి పెట్టే అద్దం నిజానికి నీలం. కిరసనాయిలు మంట పసుపు కాబట్టి నీలి అద్దంలోంచి చూస్తే డ్రైవరుకి పచ్చగా కనిపిస్తుంది. పగలు ఆ అద్దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే తప్ప తెలియదు. ఆయన పెద్దమ్మాయి పగిలిన అద్దం ముక్క ఒకటి దాచుకుని, దాంట్లోంచి వేపచెట్టుని చూసేది.

దీపం వెనకవైపు చిన్న కన్నం ఉంటుంది. సిగ్నలు ఆపి ఉంచినప్పుడు ఆ కన్నంలోంచి తెల్లటి చుక్క స్టేషనుకి కనపడుతుంది. బండికి దారిచ్చి సిగ్నలు చెయ్యి కిందికి వంచితే దానికి అడ్డం వచ్చి చుక్క మాయమవుతుంది. రాత్రి డ్యూటీలో ప్రతి బండి వెళ్ళాకా ఆయన ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి, రెండువైపులా ఆ తెల్ల చుక్కలు మళ్ళీ వెలిగాయో లేదో చూసుకునేవారు. లీవరు వెనక్కి వేసినంత మాత్రాన సరిపోదు, చుక్క కనపడాలి. వానలో కూడా గొడుగేసుకుని నడిచేవారు.

ఎండాకాలం అసలు తంటా తీగతో. లీవరు నుంచి ఔటరు సిగ్నలు దాకా ఉండేది ఒక్క ఇనప తీగ. మధ్యాహ్నం ఎండకి అది సాగుతుంది. లీవరు పూర్తిగా లాగినా అక్కడ సిగ్నలు చెయ్యి సగమే వాలుతుంది. వాలితే 45 డిగ్రీలకి తగ్గకుండా వాలాలి, లేకపోతే డ్రైవరు అది ఎటూకాని సిగ్నలని బండి ఆపేస్తాడు, ఆపాలి కూడా. సరే, మధ్యాహ్నం తీగ బిగించామనుకోండి. తెల్లవారుజామున చలికి అదే తీగ ముడుచుకుంటుంది. అప్పుడు లీవరు ముట్టుకోకపోయినా సిగ్నలు చెయ్యి దానంతటదే కాస్త కిందికి జారుతుంది. మొదటిదానివల్ల బండి ఆలస్యమవుతుంది, రెండోదానివల్ల ప్రాణం పోతుంది. అందుకని మధ్యాహ్నం బిగించినవాడే సాయంత్రం వదులు చెయ్యాలని ఆయన కట్టడి. డ్యూటీ దిగేవాడు ఎక్కేవాడికి నోటిమాటగా చెప్పి పోతే ఒప్పుకునేవారు కాదు. ఇద్దరూ లీవరు దగ్గరికి పోయి ఒకడు లాగాలి, ఒకడు చూడాలి.

గద్దించడం మాత్రం ఎరగరు. తప్పు చేసినవాణ్ణి లీవరు దగ్గరికి పిలిచి, "ఏం నాయనా, ఇప్పుడొకసారి లాగి చూపించు" అనేవారు. అంతే. లాగేవాడికే తెలిసిపోయేది.

*

ఇప్పటి పిల్లలకి బంతి సంగతి చెబితే కథ అనుకుంటారు. ఒకే పట్టా మీద అటూ ఇటూ బండ్లు నడిచేటప్పుడు, రెండు స్టేషన్ల మధ్య ఒక్క బండే ఉండాలి. దానికోసం ఒక్కో స్టేషన్లో ఒక్కో వైపుకీ ఒక నీల్స్ బాల్ టోకెన్ యంత్రం ఉండేది. నిలువెత్తు ఇనప పెట్టె, ముందు పిడి, పైన గంట. దాంట్లో లోహపు బంతులు. ప్రతి బంతి మీద ఆ రెండు స్టేషన్ల మధ్య సెక్షను పేరు, నంబరు చెక్కి ఉంటాయి. బండి పంపాలంటే ముందు గంట కొట్టి పక్క స్టేషనుని పిలవాలి. వాళ్ళు గంటతో బదులిస్తే, ఫోనులో బండి నంబరు చెప్పి లైన్ క్లియర్, అంటే బండి పంపడానికి ఒప్పుదల, అడగాలి. అక్కడాయన ఒప్పుకుని తన పిడి ‘ట్రైన్ కమింగ్ ఫ్రమ్’కి, ఇక్కడాయన తన పిడి ‘ట్రైన్ గోయింగ్ టు’కి తిప్పితేనే గొట్టంలోంచి బంతి దొర్లి చేతిలో పడుతుంది. ఇటు తిప్పేటప్పుడు అటువాళ్ళు మీట నొక్కి పట్టుకోవాలి, అటు తిప్పేటప్పుడు ఇటువాళ్ళు. ఒక్కడే ఎంత పెనుగులాడినా బంతి రాదు. ఒక బంతి బయటికి వచ్చాక, అది మళ్ళీ ఏదో ఒక యంత్రంలో పడేదాకా రెండోది ఏ వైపూ రాదు.

ఆ బంతిని తోలుసంచిలో వేసి, సంచిని పెద్ద బెత్తపు రింగుకి తగిలించి డ్రైవరుకి ఇస్తారు. ఆగని బండి అయితే పాయింట్స్‌మన్ రింగు ఎత్తి పట్టుకుని నిలబడతాడు, ఇంజనులోంచి ఫైర్‌మన్ చెయ్యి చాచి రింగులోకి దూర్చి లాక్కుంటాడు. అదే అదనులో వెనకటి సెక్షను బంతి కింద పడేస్తాడు. రాత్రుళ్ళు రింగు కనపడేట్టు పక్కన దీపం పట్టాలి. దీపం రింగుకి వెనకాల పడితే ఫైర్‌మన్ కళ్ళు బైర్లు కమ్మి చెయ్యి తప్పుతుంది. పక్కనుంచి, కాస్త కిందనుంచి పట్టాలి. మాస్టారు ప్రతి కొత్త పాయింట్స్‌మన్‌నీ ముందు కొన్నాళ్ళు ఆగే బండ్లకే రింగు అందించమనేవారు. వైపీ ఆవిరి ఇంజను పక్కనుంచి ఊపుగా పోతుంటే ఆ గాలికే మనిషి వెనక్కి తూలుతాడు. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో ప్లాట్‌ఫారం మీద సున్నంతో రెండు పాదాల గుర్తులు గీయించారు. వాన పడి చెరిగిపోయినప్పుడల్లా మళ్ళీ గీయించేవారు.

బంతులతో ఇంకో చిక్కు. ఒకవైపు పోయే బండ్లు ఎక్కువైతే బంతులన్నీ ఆ చివర చేరిపోతాయి, ఈ చివర యంత్రం ఖాళీ. అప్పుడు బండి పంపాలంటే బంతి ఉండదు, కాగితం మీద లైన్ క్లియర్ రాసుకుంటూ పని నడపాలి. ఒప్పుకున్నదానికి గుర్తుగా ప్రైవేటు నంబర్ల షీటులోంచి ఒక్కో నంబరు చెప్పుకుని కొట్టేసుకోవాలి, ప్రతి బండికీ ఆలస్యం. మాస్టారు వారానికోసారి తన యంత్రంలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి, పక్క స్టేషన్ని అడిగి, ఇంకా అయిదారు ఉండగానే సిగ్నలు ఇన్‌స్పెక్టరుకి కబురు పెట్టేవారు. ఆయన హయాంలో బంతి లేక బండి ఆగిందని ఎవరూ చెప్పుకోగా వినలేదు.

ఆ పక్క స్టేషన్ మాస్టరే ఆయన ప్రాణస్నేహితుడు. ఈయన ఆయన్ని ‘భాయ్’ అనేవారు, ఆయన ఈయన్ని ‘బావా’ అనేవారు. రోజూ ఎన్నోసార్లు మాట్లాడుకునేవాళ్ళు, మొహాలు చూసుకునేది మాత్రం ఏడాదికి ఒకటి రెండుసార్లు. ఎట్లా చూసుకుంటారు? ఇద్దరూ ఒకేసారి సెలవు పెడితే రెండు స్టేషన్లకీ రిలీవరు దొరకాలి. పెళ్ళిళ్ళకి కూడా ఒకరు వస్తే ఒకరు డ్యూటీలో ఉండేవారు. రంజాన్‌కి అక్కణ్ణుంచి షీర్ ఖుర్మా, ఉగాదికి ఇక్కణ్ణుంచి ఓళిగలు గార్డు బ్రేకు పెట్టెలో క్యారియరుతో పోయేవి. ఖాళీ క్యారియరు ఎప్పుడూ ఖాళీగా తిరిగొచ్చేది కాదు, ఒక చింతకాయో, నాలుగు నిమ్మకాయలో ఉండేవి.

స్టేషన్ల మధ్య ఉండే బ్లాకు ఫోనులో కబుర్లు చెప్పుకోకూడదని ఇద్దరికీ పట్టింపు. బండి నంబరు, టైము, లైన్ క్లియర్, అంతే. కానీ ఆ నాలుగు ముక్కల్లోనే ఒకరి సంగతి ఒకరికి తెలిసిపోయేది. ఒక రాత్రి భాయ్ నంబరు చెప్పగానే మాస్టారు ఫోను పెట్టేసి, "మనిషికి జ్వరం ఉంది, గొంతు బరువుగా వస్తోంది" అన్నారు. తరవాతి గూడ్సు గార్డు చేతికి మాత్రలూ, మిరియాల కషాయం సీసా ఇచ్చి పంపారు. పొద్దున కంట్రోలుని, అంటే బండ్లన్నిటినీ నడిపించే ఆఫీసుని, అడిగితే తెలిసింది, నిజంగానే జ్వరం.

*

ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు. బడి గిద్దలూరులో, పొద్దున ప్యాసింజరుకి వెళ్ళి సాయంత్రం బండికి రావాలి. అక్కకి (మాస్టారి భార్యని మేమంతా అక్క అనేవాళ్ళం) కీళ్ళనొప్పులు, చలికాలం వేళ్ళు వంగేవి కావు. అందుకని పిల్లలకి జడలు వేసే పని ఆయనది. రాత్రి డ్యూటీ పొద్దున ఎనిమిదికి దిగాలి, బండి అంతకుముందే వస్తుంది. కాబట్టి జడలు స్టేషను వరండాలోనే. లైన్ క్లియర్ ఇచ్చాక బండి వెనక స్టేషను వదిలినట్టు మూడుసార్లు గంట కొడతారు. అక్కణ్ణుంచి ఇక్కడికి ఇరవై నిమిషాల ప్రయాణం. ఆ మూడుసార్లు గంట కొట్టేలోపు ఒకరికి, కొట్టి సిగ్నళ్ళు వంచాక ఇంకొకరికి.

గంట మోగితే మాత్రం చేతిలో జడ ఉన్నా వదిలేసి లోపలికి పోవలసిందే. చిన్నది అప్పుడు మూడు పాయలూ విడివిడిగా వేళ్ళ సందున ఇరికించి పిడికిలి బిగించి, కదలకుండా నిలబడేది. ఆయన వచ్చి ఏ పాయ దగ్గర ఆపారో అక్కణ్ణుంచే అల్లేవారు. నూనె చేతులతో రిజిస్టరు ముట్టుకుంటే మరక పడుతుందని నడుముకి ఎప్పుడూ ఒక గుడ్డముక్క. ఆ గుడ్డతోనే టికెట్లకి తేదీ కొట్టే మిషను కూడా తుడిచేవారు. టికెట్టు అట్టముక్కని దాంట్లో దూర్చి లాగితే ఠక్కుమనే చప్పుడు ఆ పిల్లలకి లేవగానే వినపడే మొదటి చప్పుడు.

సాయంత్రం బండి ఆలస్యమైతే అక్క వరండాలోకి వచ్చి నిలబడేది. ఆయన కంట్రోలుని ఒక్కసారి అడిగేవారు, ఎక్కడుందని. రెండోసారి అడిగేవారు కాదు. ఎదురు గూడ్సుని ఆపి ప్యాసింజరుని ముందు రప్పించమని కంట్రోలుతో చెప్పుకోగల పలుకుబడి ఆయనకుంది. పిల్లలు ఆ బండిలో ఉన్నప్పుడు మాత్రం ఆ మాట నోటివెంట వచ్చేది కాదు. చీకటి పడ్డాక బండి వస్తే బంతి తీసుకుని, బండి చివర టెయిలు లాంపు చూసి, మొత్తం బండి వచ్చిందని రిజిస్టరులో రాసి, అప్పుడు పిల్లల సంచీలు అందుకునేవారు. పిల్లలకి ఆ వరస తెలుసు. వేపచెట్టు కింద నిలబడి ఉండేవాళ్ళు.

ఇంట్లో గడియారానికి కూడా స్టేషను లెక్కే. రోజూ సాయంత్రం నాలుగింటికి కంట్రోలు నుంచి టైము ఇస్తారు, స్టేషన్లన్నీ ఆ క్షణానికి గడియారం సరిచేసుకోవాలి. ఆయన తన చేతి గడియారం సరిచేసుకుని, ఇంటికెళ్ళాక గోడ గడియారానికి కీ ఇచ్చి ముల్లు కదిపేవారు. అడవిలో వెదురు కొట్టేవాళ్ళు, తేనె తెచ్చే చెంచులు కూడా స్టేషను మెట్ల మీద కూర్చుని టైము అడిగి పోయేవాళ్ళు.

*

ఆ వానాకాలం రాత్రి సంగతి చెప్పాలి. ఆగకుండా పోయే గూడ్సు. బండి పోయేటప్పుడు మాస్టరు ప్లాట్‌ఫారం మీద, పాయింట్స్‌మన్ అవతలి పక్క నిలబడి రెండు వైపులా చూడాలని రూలు. ఎండలో వానలో చాలా చోట్ల కిటికీలోంచి దీపం ఊపి సరిపెడతారు. ఆయన ఎప్పుడూ బయట నిలబడేవారు, కళ్ళకంటే ముందు ముక్కుతో చూసేవారు. బండి సగం పోయాక ఏదో వాసన తగిలింది. బొగ్గు వాసన కాదు, మాడిన నూనెగుడ్డ వాసన. దాంతోబాటు సన్నగా కీచుమనే చప్పుడు. వెంటనే ఎర్ర దీపం గార్డుకి చూపించారు. వాన జోరుకి గార్డు చూడలేదు. లోపలికి ఉరికి భాయ్‌కి ఫోను చేసి, "బండి ఆపి చూడు, ఇంజను నుంచి సగానికి కాస్త వెనక, ఎడమపక్క" అన్నారు.

అక్కడ ఆపి చూస్తే ఒక వ్యాగను ఇరుసు పెట్టె పొగలు కక్కుతోంది. అప్పటి వ్యాగన్లకి రోలర్ బేరింగులు ఉండేవి కావు. ఇరుసు చివర మీద ఇత్తడి ముక్క కూర్చుంటుంది, దాని లోపలివైపు తెల్లలోహం పూత. కింద నూనెలో నానిన నూలు వ్యర్థం ఇరుసుకి తాకుతూ తడి అందిస్తూ ఉండాలి. కుదుపులకి ఆ నూలు పక్కకి జరిగినా, మూత సరిగా పడక వాననీళ్ళు లోపలికి పోయినా నూనె అందదు. ఇరుసు కాగి తెల్లలోహం కరుగుతుంది, ఇంకా నడిపితే ఇరుసు చివర ముక్కైపోతుంది. ముందున్నది ఘాటు దిగుడు. ఆ వ్యాగనుని బండి నుంచి విడదీసి, పక్కనుండే లూపు లైన్లో పడేశారు. మర్నాడు ఎవరో మెచ్చుకుంటే మాస్టారు, "ఆపింది భాయ్, నేను వాసన చెప్పానంతే" అన్నారు. అటు భాయ్ "వాసన బావది, నాదేముంది" అన్నాడట.

అట్లాంటి రాత్రుళ్ళు తెల్లవారేవేళకి ఆయన ఉగ్గాని చేసేవారు. బొగ్గు కుంపటి మీద పోపు. బొరుగులు నీళ్ళలో వేసి మునిగాయనగానే తీసి పిండెయ్యాలి, అరనిమిషం ఎక్కువైతే ముద్దైపోతాయి. బొగ్గు సెగ ఎక్కువ కాబట్టి ఉల్లిపాయ, పచ్చిమిర్చి మగ్గాక మూకుడు దించి బొరుగులు కలిపేవారు. చివర్న పుట్నాలపప్పు పొడి, నిమ్మరసం. ముందు పాయింట్స్‌మన్‌కి, తరవాత గేటు దగ్గరికి ఒక పొట్లం, ఆ తరవాతే తను.

జీతాల రోజు పే క్లర్కు ఇనప పెట్టె, పోలీసు కాపలాతో బండిలో వచ్చేవాడు. పట్టాలు చూసుకునే గ్యాంగ్‌మన్లు చాలామంది వేలిముద్రలు. డబ్బు చేతికి రాగానే అప్పులవాడు ప్లాట్‌ఫారం చివర కాచుకుని ఉండేవాడు. మాస్టారు ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి లెక్క చదివి వినిపించి, పోస్టాఫీసు పుస్తకంలో వెయ్యాల్సింది విడిగా తీయించి, మిగతాది పట్టుకుని స్టేషను వెనక తలుపులోంచి వెళ్ళమనేవారు.

*

1990లలో ఆ లైను బ్రాడ్‌గేజి అయింది. బంతులు పోయాయి, రింగులు పోయాయి, నీలి అద్దాలు పోయాయి. దొరబావి పాత వంతెన మీద ఇప్పుడు బండ్లు నడవవు. అదంతా ఆయన రిటైరయ్యాక జరిగింది. నంద్యాలలో స్థిరపడి, మనవరాళ్ళ జడలు కూడా ఆయనే వేశారు. గుండె ఆగి నిద్రలోనే పోయారు. పాడె మోసినవాళ్ళలో ముగ్గురు పాయింట్స్‌మన్లు, ఇద్దరు గ్యాంగ్‌మన్లు. భాయ్ శ్మశానం దాకా నడిచి వచ్చారు.

రిటైరైన రోజు ఛార్జి అప్పజెప్పడానికి ఆయనకి పూట పట్టింది. నగదు, ప్రతి స్టేషనుకీ టికెట్ల చివరి నంబర్లు, రెండు యంత్రాల్లో బంతుల లెక్క, వాడని ప్రైవేటు నంబర్ల షీట్లు, ఏ ఏడు తయారయ్యాయో చూసి డిటొనేటర్లు (డ్రైవర్ని హెచ్చరించడానికి పట్టా మీద పెట్టే టపాకాయలు), దీపాలు, తాళంచెవులు, గడియారం. అన్నీ పుస్తకంలో ఎక్కించి సంతకాలయ్యాక కుర్చీ దగ్గరికి లాక్కుని, కొత్తగా వచ్చిన మాస్టరుతో పుస్తకంలో లేనివి మొదలుపెట్టారు.

"గేట్‌మన్ భార్యకి వచ్చే నెల కాన్పు. నొప్పులొస్తే ఏ బండైనా సరే, కంట్రోలుకి చెప్పి గేటు దగ్గర ఆపించు. కీమన్‌కి నంద్యాలలో కళ్ళద్దాలు చెయ్యనిచ్చాను, రసీదు ఈ సొరుగులో ఉంది. ఆ గ్యాంగ్‌మన్ కొడుకు పరీక్ష ఫీజు కట్టేశాను, వాళ్ళ నాయనకి తెలీదు, నువ్వు కదిలించొద్దు. చెంచుల ముసలామెకి రెండు సీసాల తేనె డబ్బులు బాకీ, మంగళవారం వస్తుంది. పక్క స్టేషన్లో భాయ్‌కి రాత్రి రెండు నుంచి నాలుగు మధ్య నిద్ర ఆగదు. ఆ వేళలో లైన్ క్లియర్ అడిగితే బండి నంబరు ఆయనతో రెండుసార్లు చెప్పించుకో. ఎందుకని అడిగితే నాకు చెవుడని చెప్పు."

కొత్త మాస్టరు పెన్ను మళ్ళీ తీసి, అవన్నీ వేరే కాగితం మీద రాసుకున్నాడు.